ముందు రిసీవర్‌కి, ఆ తర్వాతే టీవీకి

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ తను వాడిన 5.1 ఏవీ రిసీవర్ (స్పీకర్లన్నిటికీ సౌండ్ పంచే పెట్టె) తెచ్చి ఇచ్చాడు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడుపుతున్నాం. ఐదు స్పీకర్లు, ఊఫర్, బ్లూ-రే ప్లేయర్ ఇక్కడే కొన్నాం. డిష్ బిగించే కుర్రాడు ప్లేయర్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి, టీవీ నుంచి ఆప్టికల్ వైరుతో రిసీవర్‌కి కలిపాడు. ముందున్న రెండు స్పీకర్లు, ఊఫర్ తప్ప మిగతావి పలకడం లేదు. రిమోట్‌లో ఏదో బటన్ నొక్కి అన్నిట్లోంచీ తెప్పించాడు గానీ అన్నిట్లోనూ ఒకటే సౌండ్. మాటలు సరిగ్గా వినపడవు, పాట రాగానే ఇల్లు ఎగిరిపోతుంది. 'అమెరికా రిసీవర్‌కి మన డిస్కులు పడవు, అమ్మేసి కొత్తది కొనండి' అంటున్నాడు. నిజమేనా? హెచ్‌డీఎంఐ లేని పాత డీవీడీ ప్లేయర్ ఒకటి ఇంట్లో ఉంది, దాన్నీ కలపొచ్చా? షాపులో 3,500 రూపాయల హెచ్‌డీఎంఐ వైరు చూపించి అదే కొనమంటున్నారు. అవసరమా?
- ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: అమ్మకండి. మీ రిసీవర్ బాగానే ఉంది, స్పీకర్లూ బాగానే ఉన్నాయి. తేడా అంతా వైరు వెళ్లిన దారిలోనే ఉంది. కొత్త రిసీవర్ కొన్నా ఇదే పద్ధతిలో కలిపితే మళ్లీ రెండు స్పీకర్లే మోగుతాయి. అప్పుడు ఆ కుర్రాడు ఇంకేం అమ్మమంటాడో!

మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. రిమోట్‌లో ఏదో నొక్కితే ఐదు స్పీకర్లలోంచీ సౌండ్ వచ్చిందన్నారు కదా, అంటే స్పీకర్ వైర్లు తెగలేదు, రిసీవర్‌లో ఏ చానెలూ (ఒక్కో స్పీకర్‌కి విడిగా వెళ్లే సౌండ్) కాలిపోలేదు. అతను నొక్కింది 'ఆల్ చానెల్ స్టీరియో' అనో 'మల్టీ చానెల్ స్టీరియో' అనో పేరుండే బటన్. లోపలికి వచ్చిన రెండు చానెళ్లనే అది అన్ని స్పీకర్లకూ పంచుతుంది. ఇంట్లో ఏదైనా ఫంక్షన్ అయినప్పుడు హాలంతా పాట వినపడాలంటే పనికొస్తుంది. సినిమాకి మాత్రం దండగ. వెనక నుంచి రావాల్సిన వాన చప్పుడు, ముందు నుంచి రావాల్సిన మాట కలగలిసి అంతా ఒకటే గోల అవుతుంది.

మరి రిసీవర్ దాకా రెండు చానెళ్లే ఎందుకొస్తున్నాయి? హెచ్‌డీఎంఐ వైరు పెట్టగానే ప్లేయర్ అవతలున్న పెట్టె దగ్గర వివరం తెలుసుకుంటుంది: ఏ సైజు బొమ్మ చూపించగలవు, ఏ రకం సౌండ్ తీసుకోగలవు అని. ఆ వైరులో దీనికోసమే విడిగా ఒక దారి ఉంది. టీవీకి ఉన్నవి రెండు స్పీకర్లే కాబట్టి చాలా టీవీలు 'రెండు చానెళ్ల పీసీఎం (విప్పేసిన మామూలు డిజిటల్ సౌండ్) చాలు' అని చెబుతాయి. అది నమ్మి ప్లేయర్, డిస్కులో ఉన్న ఆరు చానెళ్లనీ (స్పీకర్లకి ఐదు, ఊఫర్‌కి ఒకటి, 5.1 అంటే అదే) తనే రెండుగా కలిపేసి పంపిస్తుంది. డాల్బీ (ఆరు చానెళ్లనీ ఒకే మూటగా చుట్టి పంపే పద్ధతి) తీసుకుంటామని చెప్పే టీవీలూ ఉన్నాయి గానీ, వాటిలో కొన్ని హెచ్‌డీఎంఐలో వచ్చిన సౌండ్‌ని ఆప్టికల్‌లోంచి బయటికి వదిలేటప్పుడు రెండుకి కుదించేస్తాయి. అలాంటి ఇంకో పద్ధతైన డీటీఎస్‌ని అసలు దాటనివ్వని టీవీలూ ఉన్నాయి. ఎక్కడ కలిసినా ఫలితం ఒకటే. పాలల్లో కలిసిన నీళ్లలాగే, రెండుగా కలిసిపోయిన చానెళ్లని ఏ రిసీవరూ మళ్లీ ఆరుగా విడగొట్టలేదు.

సినిమా నడుస్తుండగా మీ రిసీవర్ ముందు పలక మీద చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో చూడండి. ఇప్పుడు 'పీసీఎం' అని ఉండి ఉంటుంది. అక్కడ 'డాల్బీ డిజిటల్' అనో 'డీటీఎస్' అనో కనపడే వరకూ మనకి పని ఉన్నట్టే. చెవి కంటే ముందు ఆ పలకని నమ్మండి. ఎందుకంటే చెవిని మోసం చేసే బటన్లు ఆ రిమోట్ నిండా ఉన్నాయి.

'అమెరికా రిసీవర్‌కి మన డిస్కులు పడవు' అన్న మాట సంగతి కూడా తేల్చేద్దాం. డాల్బీ, డీటీఎస్ ఏ దేశంలోనైనా ఒకటే. దేశాన్ని బట్టి మారేది రీజియన్ కోడ్, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తు. డీవీడీల్లో అమెరికాది 1, మనది 5. బ్లూ-రేల్లో అమెరికాది 'ఏ', మనది 'సీ'. దాన్ని చూసేది ప్లేయర్, రిసీవర్ కాదు. మీ ప్లేయర్ ఇక్కడే కొన్నారు కాబట్టి ఆ గొడవ మీకు లేదు. మీ అబ్బాయి ఎప్పుడైనా అక్కడి నుంచి బ్లూ-రే డిస్కు పంపితే మాత్రం కవర్ వెనక భూగోళం బొమ్మలో ఏ అక్షరం ఉందో ముందు అడగండి. మన సినిమాల డీవీడీలు చాలావరకు అన్ని రీజియన్లకీ పనికొచ్చేలాగే వచ్చాయి.

ఇక పని. ముందు అన్నిటికీ స్విచ్ ఆపేయండి, ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా. ప్లేయర్ నుంచి టీవీకి వెళ్లిన హెచ్‌డీఎంఐ వైరుని టీవీ దగ్గర పీకి, రిసీవర్ వెనక 'బీడీ' (బ్లూ-రే) అని గానీ 'బీడీ/డీవీడీ' అని గానీ రాసి ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్‌లో పెట్టండి. ఇంకో హెచ్‌డీఎంఐ వైరు తీసుకుని, రిసీవర్ వెనక 'హెచ్‌డీఎంఐ అవుట్' లేదా 'మానిటర్ అవుట్' అని ఉన్న సాకెట్ నుంచి టీవీకి వేయండి. టీవీ వైపు 'ఏఆర్‌సీ' (టీవీ సౌండ్‌ని అదే వైరులో వెనక్కి రిసీవర్‌కి పంపేది) అని రాసి ఉన్న సాకెట్ ఉంటే అందులోనే పెట్టండి. సాకెట్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఇన్ అనుకుని అవుట్‌లో పెట్టడం తేలిక. టార్చి వేసి చదివి మరీ పెట్టండి. తర్వాత టీవీ రిమోట్‌తో ఆ హెచ్‌డీఎంఐ నంబరుకి మారి, రిసీవర్ మీద బీడీ ఎంచుకుంటే బొమ్మ రావాలి.

ఇప్పుడు ప్లేయర్ వివరం అడిగేది రిసీవర్‌ని. అది 5.1 తీసుకోగలనని చెబుతుంది, ప్లేయర్ ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. సౌండ్ రిసీవర్ దగ్గర దిగిపోతుంది, బొమ్మ ముందుకు వెళ్లి టీవీలో పడుతుంది.

ఆ కుర్రాడు వేసిన ఆప్టికల్ వైరు పీకేయొద్దు. డిష్‌లో వార్తలు, టీవీలోనే ఉన్న యాప్‌లలో సినిమాలు చూసేటప్పుడు టీవీ నుంచి రిసీవర్‌కి సౌండ్ రావడానికి అది కావాలి. టీవీకీ రిసీవర్‌కీ రెంటికీ ఏఆర్‌సీ ఉంటే ఆ పని కొత్తగా వేసిన హెచ్‌డీఎంఐ వైరే చేస్తుంది, ఆప్టికల్ తీసేయొచ్చు. ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. అంతకు ముందు తయారైన రిసీవర్ అయితే ఉండదు.

రిసీవర్ మరీ పాతదైతే ఇంకో చిక్కు. హెచ్‌డీఎంఐ వచ్చిన కొత్తల్లో కొన్ని రిసీవర్లు బొమ్మని మాత్రం అటు నుంచి ఇటు దాటించేవి, సౌండ్‌ని ముట్టుకునేవి కావు. మీది ఆ బాపతే అయితే బొమ్మ వస్తుంది, స్పీకర్లు మాత్రం మాట్లాడవు. అప్పుడు హెచ్‌డీఎంఐని ప్లేయర్ నుంచి నేరుగా టీవీకే వదిలేసి, ప్లేయర్ వెనకున్న ఆప్టికల్ లేదా కోయాక్సియల్ సాకెట్ నుంచి రిసీవర్‌కి ఇంకో వైరు వేయండి. ఆ దారిలో మామూలు డాల్బీ, డీటీఎస్ 5.1 చక్కగా వస్తాయి. బ్లూ-రేల్లో ఉండే ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే పెద్ద రకాలు మాత్రం ఆ వైర్లలో పట్టవు. వాటి బదులు అదే డిస్కులో ఉన్న మామూలు రకం వస్తుంది. మధ్యతరగతి హాల్లో, ఫ్యాను కింద కూర్చుని వినేటప్పుడు ఆ తేడా పెద్దగా తెలుస్తుందని నేననుకోను.

ఆప్టికల్ వైరు కొత్తది కొంటే దాని రెండు కొసలకీ గోరంత ప్లాస్టిక్ మూత ఉంటుంది, కంటికి ఆనదు. దాన్ని తీయకుండా గుచ్చి, సౌండ్ రావడం లేదని వైరు తిరిగి ఇచ్చేసిన వాళ్లున్నారు. ప్లేయర్ ఆన్‌లో ఉండగా అవతలి కొసలో ఎర్రటి వెలుతురు కనపడితే వైరు బాగున్నట్టే. దాన్ని గోడ మూలల్లో మడత పడేలా మాత్రం వంచొద్దు.

వైర్లు అయ్యాక ప్లేయర్‌లో సెట్టింగులు. ఆడియో పేజీలో 'డిజిటల్ అవుట్' అనో 'హెచ్‌డీఎంఐ ఆడియో' అనో ఉంటుంది. దాన్ని పీసీఎం నుంచి 'బిట్‌స్ట్రీమ్'కి (చుట్టిన సౌండ్‌ని విప్పకుండా పంపడం) మార్చండి. కొన్ని ప్లేయర్లలో 'ఆటో' అని ఉంటుంది, అదీ పరవాలేదు. ఆ పేజీలోనే 'సెకండరీ ఆడియో' లేదా 'బీడీ ఆడియో మిక్స్' అని ఒకటి ఉంటుంది, దాన్ని ఆపేయండి. మెనూలో బాణం కదిపినప్పుడు వచ్చే టిక్కు టిక్కు శబ్దాలు, దర్శకుడి వ్యాఖ్యానం లాంటివి సినిమా సౌండ్‌లో కలపడానికి పెట్టిన ఏర్పాటది. అది ఆన్‌లో ఉంటే ప్లేయర్ అసలు సౌండ్‌ని విప్పి, వాటిని కలిపి, మళ్లీ మామూలు డాల్బీగానో డీటీఎస్‌గానో చుట్టి పంపుతుంది. టిక్కు శబ్దం కోసం మంచి సౌండ్ పాడుచేసుకోవడం ఎందుకు?

బిట్‌స్ట్రీమ్ పెడితే కొన్ని బ్లూ-రేలకి సౌండే రాకపోతే, మీ రిసీవర్‌కి ట్రూహెచ్‌డీ లాంటివి విప్పడం రాదని అర్థం. ఈ రకాలని ఉన్నవున్నట్టు పంపే వీలు 2006లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.3తో మొదలైంది. అప్పుడు తిరిగి పీసీఎం పెట్టేయండి. టీవీకి పంపిన పీసీఎంకీ దీనికీ తేడా ఉంది. రిసీవర్ ఆరు చానెళ్లు తీసుకోగలదు కాబట్టి ప్లేయరే అన్నీ విప్పి ఆరింటినీ వేటికవి పంపుతుంది. పలక మీద 'మల్టీ చానెల్' అని వస్తుంది. నాణ్యతలో ఏమీ తగ్గదు.

తర్వాత డిస్కు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఒకే డీవీడీలో రెండు చానెళ్ల స్టీరియో, డాల్బీ 5.1, డీటీఎస్ 5.1 మూడూ ఉండొచ్చు. ఏమీ ఎంచుకోకుండా ప్లే నొక్కితే ఏది మొదలవుతుందో డిస్కు తయారుచేసినవాడి ఇష్టం. మెనూలోకి వెళ్లి సౌండ్ ఎంచుకోండి, లేదా సినిమా నడుస్తుండగా ప్లేయర్ రిమోట్‌లో 'ఆడియో' నొక్కుతూ మార్చండి. డాల్బీనా డీటీఎస్సా అని అడిగితే నాకు పట్టింపు లేదు. డీవీడీ మీద డాల్బీకి సెకనుకి 448 కిలోబిట్ల వరకే చోటు, డీటీఎస్‌కి 754 గానీ 1,509 గానీ ఇస్తారు. అంకె పెద్దది కదా అని సౌండ్ అంతే మెరుగ్గా ఉండాలని లేదు, మిక్సింగ్ చేసినవాడి చేతిలో ఉంటుంది. పైగా డీటీఎస్ ట్రాక్ తరచు కాస్త గట్టిగా మోగుతుంది, గట్టిగా మోగేదే మంచి సౌండ్ అని మన చెవి అనుకుంటుంది. థియేటర్ల ముందు 'ఏసీ డీటీఎస్' అని బోర్డులు చూసి టిక్కెట్టు కొన్న తరం కదా మనది! ఆ థియేటర్ డీటీఎస్‌లో సౌండ్ ఫిల్ము మీద ఉండేదే కాదు. విడిగా సీడీ-రామ్‌లలో వచ్చేది, దానికి జత కుదిర్చే టైమ్ కోడ్ మాత్రం ఫిల్ము మీద ఉండేది. మన డిస్కులో అంతా ఒక్కదాన్లోనే ఉంటుంది.

డిస్కు మీద 5.1 నడుస్తున్నప్పుడు రిసీవర్‌ని ఆ 'ఆల్ చానెల్' బటన్ నుంచి తప్పించి 'స్ట్రెయిట్', 'డైరెక్ట్', 'ఆటో' లాంటి దానిలో పెట్టండి. పలక మీద డాల్బీ డిజిటల్ అని వచ్చి, మాట మధ్య స్పీకర్లోంచి వస్తే చాలు. వెనక స్పీకర్లు మాటిమాటికీ మోగడం లేదని బెంగ పెట్టుకోవద్దు. ఇద్దరు వంటింట్లో కూర్చుని మాట్లాడుకునే సీన్‌లో వెనక నుంచి ఏం రావాలి? వాన, గుంపు, పాటలో కోరస్, ఫైట్లు వచ్చినప్పుడు అవే పలుకుతాయి. అనుమానంగా ఉంటే రిసీవర్ మెనూలో 'టెస్ట్ టోన్' నడపండి. ఎడమ, మధ్య, కుడి, వెనక కుడి, వెనక ఎడమ, ఊఫర్, ఇలా ఒక్కోదాంట్లోంచీ బుస్సుమని వినిపిస్తుంది. వరస తప్పితే ఎక్కడో వైర్లు తారుమారయ్యాయి.

స్పీకర్ వైర్ల దగ్గరికి వెళ్లారు కనక ఇంకో రెండు సంగతులు. రిసీవర్ మీద ఎర్ర పిన్ను స్పీకర్ ఎర్ర పిన్నుకే వెళ్లాలి. ఒకదాంట్లో తిరగబడితే సౌండ్ వస్తుంది గానీ పలచగా, ఎక్కడి నుంచి వస్తోందో తెలియనట్టు ఉంటుంది, బేస్ పడిపోతుంది. వైరులో ఒక పోగు మీద సన్నటి గీతో, రంగో ఉంటుంది, దాన్ని పట్టుకుని చూసుకోండి. రెండోది, ఒలిచిన రాగి పోగుల్లో ఒక్కటి పక్క పిన్నుని తాకినా రిసీవర్ 'ప్రొటెక్ట్' అని చూపించి ఆగిపోతుంది. పోగుల్ని మెలిపెట్టి, బయటికి ఏమీ కనపడకుండా బిగించండి.

మాటలు వినపడవు, పాటలకి ఇల్లు ఎగిరిపోతుంది అన్నారు. వైర్లు మారిస్తే ఇందులో సగం దానంతటదే పోతుంది, ఎందుకంటే 5.1 సినిమాల్లో మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకర్ కోసమే మిక్స్ చేస్తారు. మీకు ఇన్నాళ్లూ అదే పలకలేదు. మిగతా సగం సర్దుబాటు. ముందుగా మధ్య స్పీకర్ ఎక్కడుందో చూడండి. టీవీ స్టాండ్ అరలో, అద్దం తలుపు వెనక, దేవుడి పటాల పక్కన ఉందా? బయటికి తీసి, అర అంచు దాకా జరిపి, కింద ముందువైపు చిన్న రబ్బరు ముక్క పెట్టి మూతి మీ ముఖం వైపు ఎత్తండి. ఈ ఒక్క పనికే మాట స్పష్టత ఎంత మారుతుందో మీరే చూస్తారు. ఆ తర్వాత రిసీవర్ మెనూలో సెంటర్ లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి. అప్పటికీ పాటలు మీద పడుతుంటే 'నైట్ మోడ్' అనో 'డైనమిక్ రేంజ్' అనో, దాన్ని కుదించే సెట్టింగ్ ఉంటుంది. అది చిన్న శబ్దాల్ని పైకి, పెద్ద శబ్దాల్ని కిందికి తెస్తుంది. రాత్రి పదకొండింటికి పక్కింటివాళ్లతో మాట పడకుండా సినిమా చూడాలంటే అదే దిక్కు.

రిసీవర్‌తో పాటు మీ అబ్బాయి చిన్న మైకు లాంటిది తెచ్చాడేమో డబ్బాలో వెతకండి. ఉంటే మీరు కూర్చునే చోట చెవి ఎత్తున పెట్టి ఆటో సెటప్ నడిపితే, దూరాలూ లెవెళ్లూ అదే కొలుచుకుంటుంది. ఆ కాసేపు ఫ్యాను ఆపి, వంటింట్లో కుక్కర్ దించి, ఎవరినీ మాట్లాడొద్దనండి. మైకు లేకపోతే టేపుతో ప్రతి స్పీకర్‌కీ మీ కుర్చీ నుంచి ఎంత దూరమో కొలిచి ఆ అంకెలు మెనూలో వేయండి. శబ్దం ఒక అడుగు నడవడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. దగ్గరున్న స్పీకర్ ముందు మాట్లాడేయకుండా రిసీవర్ ఆ లెక్కతో ఆపుతుంది. చిన్న స్పీకర్లయితే వాటిని 'స్మాల్' అని పెట్టి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. అంతకంటే కింది బేస్ అంతా ఊఫర్ చూసుకుంటుంది.

వెనక స్పీకర్లని కప్పు మూలల్లో, బల్లులు తిరిగే ఎత్తులో కొట్టే అలవాటు మన మెకానిక్‌లకి ఎందుకు పట్టుకుందో తెలియదు. అవి ఉండాల్సింది కూర్చున్న మనిషికి రెండు పక్కలా, కొంచెం వెనక్కి, చెవి కంటే కాస్త పైన. సోఫా గోడకి ఆనుకుని ఉండే ఇళ్లే మనవి కాబట్టి వెనక గోడ మీద చోటుండదు. అలాంటప్పుడు పక్క గోడల మీద సోఫాకి ఎదురెదురుగా కొట్టించండి.

పాత సినిమాల గురించి ముందే చెప్పాలి, లేకపోతే మళ్లీ ఉత్తరం రాస్తారు. ఘంటసాల కాలం నాటి సినిమాల సౌండ్ మోనో. ఒక్కటే చానెల్. డిస్కులో అదే రెండు చానెళ్లలోనూ ఒకేలా ఉంటుంది. రిసీవర్ 'ప్రో లాజిక్' (రెండు చానెళ్లని అన్ని స్పీకర్లకీ విడదీసి పంచే పద్ధతి) లాంటి దానిలో ఉంటే, రెండు పక్కలా ఒకేలా ఉన్న సౌండ్‌ని మాట కింద లెక్కేసి మొత్తం మధ్య స్పీకర్‌కి పంపేస్తుంది. అంటే పాట అంతా ఒక్క స్పీకర్లోంచే వస్తుంది. రిసీవర్ పాడైందని కంగారు పడొద్దు, 'స్టీరియో' నొక్కండి, ముందు రెండు స్పీకర్లలోంచీ హాయిగా వస్తుంది. అలాంటి సినిమాల కవర్ మీద 5.1 అని పెద్దక్షరాలు ఉంటే అది తర్వాత ఎవరో చేసిన కొత్త మిక్స్. కొన్ని బాగుంటాయి. కొన్నిట్లో వెనక నుంచి ప్రతిధ్వని తప్ప ఏమీ ఉండదు. నేనైతే మోనోని మోనోగానే వింటాను.

పాత డీవీడీ ప్లేయర్ కలపొచ్చు. దాని వెనక నారింజ రంగు కోయాక్సియల్ పిన్ను గానీ ఆప్టికల్ సాకెట్ గానీ ఉందా చూడండి. ఉంటే అక్కడి నుంచి రిసీవర్‌లో అదే రకం సాకెట్‌కి ఒక వైరు, బొమ్మ కోసం పసుపు పిన్ను టీవీకి. కోయాక్సియల్ కోసం కొత్త వైరు కొనక్కర్లేదు. పాత ఏవీ కేబుల్‌లో పసుపు వైరు 75 ఓంలదే, అదే సరిపోతుంది. ప్లేయర్ మెనూలో 'ఎస్‌పీడీఐఎఫ్' (ఆ కోయాక్సియల్, ఆప్టికల్ సాకెట్ల పేరే) దగ్గర 'రా' లేదా బిట్‌స్ట్రీమ్ పెట్టాలి. కొన్నిట్లో డీటీఎస్‌కి విడిగా ఆన్, ఆఫ్ ఉంటుంది, అదీ ఆన్ చేయాలి. రిసీవర్‌లో ఆ సాకెట్‌ని 'డీవీడీ' పేరుకి కేటాయించే మెనూ ఉంటుంది, అది చేయకపోతే ఎంత వెతికినా సౌండ్ రాదు. ఎర్ర, తెల్ల పిన్నులు మాత్రమే కలిపితే వచ్చేది స్టీరియోనే.

అయితే డీవీడీలని మీ బ్లూ-రే ప్లేయరే ఆడిస్తుంది కదా, ఈ శ్రమ ఎందుకంటారా? వీసీడీల కోసం. చాలా బ్లూ-రే ప్లేయర్లు వీసీడీని చూసి మొహం తిప్పుకుంటాయి. ఇంట్లో పెళ్లి క్యాసెట్టు వీసీడీల మీద ఉంటే పాత ప్లేయర్ పారేయకండి. అందులో 5.1 ఉండదు కాబట్టి దానికైతే ఎర్ర, తెల్ల వైర్లే చాలు.

3,500 రూపాయల వైరు వద్దు. మామూలు బ్లూ-రే బొమ్మకీ సౌండ్‌కీ రెండు మీటర్ల లోపు దూరంలో 'హై స్పీడ్' అని రాసి ఉన్న మామూలు హెచ్‌డీఎంఐ వైరు సరిపోతుంది. అందులో వెళ్లేవి అంకెలు. వైరు చెడితే తెర మీద చుక్కలు మెరుస్తాయి, సౌండ్ తెగితెగి వస్తుంది. అంతేగాని వైరు ఖరీదు పెరిగిన కొద్దీ గొంతు తియ్యబడదు. ఆ డబ్బు ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టండి.

ఎందుకంటే నాకు ఎక్కువ భయం దాని దగ్గరే. రిసీవర్ వెనక లేబుల్ మీద '120 వోల్ట్లు, 60 హెర్ట్జ్' అని ఉంటుంది, పక్కనే ఎన్ని వాట్లో కూడా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. 400 వాట్లని రాసి ఉంటే 750 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ల మీద రాసే సామర్థ్యం) పెట్టండి, 300ది పెట్టి ఊఫర్ దంచితే అది కాలుతుంది. ఇక్కడ కొన్న ఊఫర్‌ని ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలించకండి, దాని చోటు మామూలు ప్లగ్గే. అసలు ప్రమాదం ఇంకోటి. అమెరికా ప్లగ్గు బల్లపరుపు పిన్నులు మన ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో చక్కగా దూరిపోతాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు ఎవరో పీకి, మళ్లీ నేరుగా 230లో పెడితే ఆ రిసీవర్‌కి అదే ఆఖరి రోజు. ఆ ప్లగ్గుకి ఎర్ర టేపు చుట్టి, ట్రాన్స్‌ఫార్మర్ సాకెట్‌తో కలిపి కట్టేయండి. రిసీవర్ మీద బట్ట కప్పొద్దు, పైన నాలుగు అంగుళాలైనా గాలి ఆడాలి. మీ ఊరి ఎండలకి అసలే అది వేడెక్కుతుంది.

స్పీకర్లలో ఎప్పుడూ సన్నగా 'హమ్' వినపడుతుంటే డిష్ లేదా కేబుల్ వైరుని టీవీ పెట్టె నుంచి ఒక్క నిమిషం పీకి చూడండి. అది ఆగిపోతే దోషం ఆ వైరు ఎర్తింగ్‌లో ఉంది, రిసీవర్‌లో కాదు. అప్పుడు డిష్ కుర్రాణ్ని మళ్లీ పిలవొచ్చు, ఈసారి అతని పనే.

కొత్త పద్ధతిలో కలిపాక పెదాలు కదిలే కంటే ముందే మాట వచ్చేస్తున్నట్టు అనిపించొచ్చు. సౌండ్ నేరుగా రిసీవర్ దగ్గర దిగుతోంది, టీవీ బొమ్మని సింగారించడానికి కాస్త సమయం తీసుకుంటోంది. రిసీవర్‌లో 'లిప్ సింక్' లేదా 'ఆడియో డిలే' 10 మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ పోండి. చాలా ఇళ్లలో 100 లోపే కుదురుకుంటుంది. దగ్గరగా తీసిన ముఖం, 'ప' 'బ' 'మ' ఎక్కువున్న డైలాగు పెట్టుకుని చూస్తే తేలిగ్గా తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా పలక మీద పీసీఎం అనే ఉంటే ఒకసారి అన్నీ ఆపి, ముందు టీవీ, తర్వాత రిసీవర్, చివర ప్లేయర్ ఆన్ చేయండి. పాత వివరమే పట్టుకుని వదలని ప్లేయర్లు కొన్ని ఉంటాయి, కొత్తగా అడిగితే గానీ మారవు. అప్పటికీ కాకపోతే రిసీవర్, ప్లేయర్ మోడల్ నంబర్లు, రిసీవర్ వెనక పలక ఫొటో పంపండి. ఏ సాకెట్ ఎందుకో చూసి రాస్తాను.